సికింద్రాబాద్ ఓటరుకు పెద్దదిక్కు

హైదరాబాద్, సికింద్రాబాద్ లోక్‌సభ స్థానాల నుంచి గెలిచినవారి పేర్లను రెండు వరుసలుగా రాసుకుని పక్కపక్కన పెట్టి చూస్తే, నగర రాజకీయాల గురించి మనం ఖాయం చేసుకున్న అభిప్రాయాలు కొన్ని నిలబడవు. సికింద్రాబాద్ నుంచి 1957లోనూ 1962లోనూ అహ్మద్ మొహియుద్దీన్ గెలిచారు. 1967లో బాకర్ అలీ మీర్జా, ఆ తర్వాత 1971, 1977 ఎన్నికల్లో ఎం.ఎం. హాషిం గెలిచారు. అవే ఎన్నికల్లో పక్కనున్న హైదరాబాద్ స్థానం నుంచి మొదట వినాయకరావు కొరట్కర్, తర్వాత వరుసగా మూడుసార్లు డాక్టర్ జి.ఎస్. మేల్కోటే, 1977లో కె.ఎస్. నారాయణ లోక్‌సభకు వెళ్ళారు. అంటే చార్మినార్ ఉన్న స్థానం ఇరవయ్యేళ్ళ పాటు హిందూ అభ్యర్థులను గెలిపిస్తూ వచ్చింది, మహంకాళి గుడి ఉన్న సికింద్రాబాద్ అదే ఇరవయ్యేళ్ళూ ముస్లింలను గెలిపిస్తూ వచ్చింది. పైగా కొరట్కర్ పేరున్న ఆర్యసమాజ నాయకుడు.

ఆ తర్వాత వరుసలు తారుమారయ్యాయి. 1979 ఉప ఎన్నికలో పి. శివశంకర్ గెలిచినప్పటి నుంచి ఈనాటి వరకూ సికింద్రాబాద్ నుంచి ఒక్క ముస్లిం కూడా లోక్‌సభకు వెళ్ళలేదు. 1984లో సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ స్వతంత్ర అభ్యర్థిగా గెలిచినప్పటి నుంచి హైదరాబాద్ నుంచి ముస్లిమేతరులెవరూ వెళ్ళలేదు. నియోజకవర్గాల హద్దులు మధ్యలో మారాయన్న మాట నిజమే గానీ, హద్దులు మారినంత మాత్రాన ఇంత నిక్కచ్చిగా ఇటువి అటు, అటువి ఇటు కావు. 1980 చుట్టుపక్కల ఈ నగరంలో ఓటు వేసే పద్ధతిలోనే ఏదో మారింది.

దీనికి అందరూ చెప్పే కారణం మతం. మత కల్లోలాలు పెరిగాయి, రెండు వైపులా పార్టీలు దాన్ని వాడుకున్నాయి, ఓటరు తన మతం వైపు జరిగాడు అంటారు. ఇందులో అబద్ధం లేదు. కానీ అది సగం సమాధానమేనని చాలాకాలంగా నాకు అనిపిస్తోంది. ముషీరాబాద్‌లో పుట్టి, కార్మికుడి ఇంట్లో పెరిగి, ఇప్పటికీ ఈ నియోజకవర్గంలోనే కిరాయికి ఉంటున్న మనిషిగా నేను చెప్పదలచుకున్నది ఇది: సికింద్రాబాద్ రాజకీయ చరిత్ర అర్థం కావాలంటే ఏ పార్టీ గెలిచిందని కాకుండా, ఏ కాలంలో సామాన్య ఓటరుకు పెద్దదిక్కుగా ఎవరు నిలబడ్డారని అడగాలి. రేషన్ కార్డు రాకపోతే, పిల్లాడికి బడిలో సీటు దొరకకపోతే, పోలీసులు ఇంటి మీదికి వస్తే ఎవరి గడప ఎక్కాలో తెలిసిన ఓటరు ఒక రకంగా ఓటు వేస్తాడు, తెలియని ఓటరు మరో రకంగా వేస్తాడు, లేదా అసలు వేయడు.

ఈ ఊరు పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ అన్న పేరు వచ్చింది. నిజాంతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్న బ్రిటిష్ వాళ్ళు తమ పటాలాలను హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దింపితే, ఆ పటాలాల చుట్టూ బజార్లు, బజార్ల చుట్టూ బస్తీలు ఏర్పడ్డాయి. తమిళులు, మార్వాడీలు, ఆంగ్లో ఇండియన్లు, పార్సీలు, తెలంగాణ పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్ళు అందరూ ఇక్కడ బయటినుంచి వచ్చినవాళ్ళే. దీనికి వేరే పురపాలన ఉండేది. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్‌ను హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపే దాకా ఇది లెక్క ప్రకారం కూడా వేరే ఊరే. కులపెద్దలో దేశ్‌ముఖులో చెప్పినట్టు నడిచే పల్లె అలవాటు లేని ఊరు కాబట్టి, ఇక్కడి ఓటరు తన పెద్దదిక్కును పని దగ్గర వెతుక్కున్నాడు.

పనికి కొదవ లేదు. ఆజమాబాద్‌లో, సనత్‌నగర్‌లో పారిశ్రామిక వాడలు. కవాడిగూడలో ప్రాగా టూల్స్, ట్యాంక్‌బండ్ కింది వైపు డీబీఆర్ మిల్లు, సనత్‌నగర్‌లో ఆల్విన్, ఆజమాబాద్ దగ్గర వజీర్ సుల్తాన్ సిగరెట్ల ఫ్యాక్టరీ, లాలాగూడలో నిజాం కాలం నాటి రైల్వే వర్క్‌షాప్. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడ్డాక మెట్టుగూడ, చిలకలగూడ చుట్టూ రైల్వే క్వార్టర్లు నిండిపోయాయి. మా నాన్న ఆజమాబాద్‌లో ఒక కార్ఖానాలో ఫిట్టరు. ఆయన జీతం కన్నా ఎక్కువగా మా ఇంట్లో వినిపించిన మాట యూనియన్. నాకు ఏడో ఏడు వచ్చినప్పుడు టైఫాయిడ్ వస్తే, కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐ కార్డులో నా పేరు తప్పుగా పడిందని తెలిసిన రాత్రి నాన్న వెళ్ళింది ఆస్పత్రికి కాదు, యూనియన్ లీడరు ఇంటికి. ఆయన లుంగీ మీదనే బయటికి వచ్చి, కాగితం అరుగు మీద పెట్టుకుని ఏదో రాసి, ముద్ర కోసం లోపల వెతికి, ఆ చీటీ ఇచ్చి పంపించారు. ఆ ముద్ర ఇంకు వేళ్ళకు అంటుకుని నాన్న చొక్కా జేబు మీద మర్నాటి దాకా ఉండిపోయింది. ఎన్నికలప్పుడు ఆ లీడరు కార్ఖానా గేటు దగ్గర నిలబడి ఒక పేరు చెబితే, ఆ పేరుగల మనిషి ఏ మతంవాడో, ఏ కులంవాడో మా ఇంట్లో చర్చకు వచ్చిన గుర్తు నాకు లేదు.

ఆ కాలం బంగారు కాలమని నేను చెప్పడం లేదు. యూనియన్ల మధ్య కొట్లాటలు ఉండేవి, లీడర్లలో యాజమాన్యానికి అమ్ముడుపోయినవాళ్ళు ఉండేవారు, ఆడవాళ్ళకు ఆ గేటు మీటింగుల్లో చోటు ఉండేది కాదు. కాని ఒక్క విషయం గట్టిగా చెప్పగలను. గేటు ముందు నిలబడే గుంపులో పక్క మనిషిని మొదట షిఫ్టును బట్టి, డిపార్టుమెంటును బట్టి గుర్తుపట్టేవారు. మతం ఆ తర్వాతి సంగతి.

కార్ఖానా ఒక్కటే కాదు, ఆఫీసు కూడా ఒకప్పుడు పెద్దదిక్కే. 1969 తెలంగాణ ఉద్యమం స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల ఉల్లంఘన మీద, ఉద్యోగాల మీద మొదలైంది కాబట్టి, నగరంలో దాన్ని భుజాన వేసుకున్నది విద్యార్థులూ ప్రభుత్వోద్యోగులూ. 1971 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఇందిరా గాంధీ గాలి వీస్తుంటే, తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. ఆ పదిలో నగరంలోని రెండు స్థానాలూ ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి హాషిం, హైదరాబాద్ నుంచి మేల్కోటే ఆ పార్టీ అభ్యర్థులుగానే గెలిచారు. అయితే అదే సంవత్సరం సెప్టెంబరులో మర్రి చెన్నారెడ్డి ఆ పార్టీని తీసుకువెళ్ళి కాంగ్రెస్‌లో కలిపేశారు. తుపాకీ గుళ్ళకు పిల్లలను పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్న నగరంలో, ఏ పార్టీని ఓడించి గెలిచారో ఆ పార్టీలోకే గెలిచినవాళ్ళు ఆరు నెలల్లో వెళ్ళిపోయారు. సికింద్రాబాద్ ఓటరుకు పార్టీ జెండా మీద ఉన్న నమ్మకం పోవడం అక్కడే మొదలైందని నా అభిప్రాయం. 1977లో హాషిం కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడితే అదే ఓటరు ఆయన్నే గెలిపించాడు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని 42లో 41 స్థానాలు కాంగ్రెస్‌కే వచ్చాయి.

శివశంకర్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి, ఇందిరా గాంధీకి న్యాయవాదిగా అండగా నిలబడి, 1980లో కేంద్ర న్యాయశాఖ మంత్రి అయిన మనిషికి ఇది ఢిల్లీ చూపించిన సురక్షిత స్థానం. 1984లో ఆయన మెదక్‌కు వెళ్ళి ఓడిపోయారు. 1996లో ప్రధాని పి.వి. నరసింహారావు కుమారుడు పి.వి. రాజేశ్వరరావుకు ఈ స్థానం దక్కిన తీరూ అలాంటిదే.

కానీ 1984 దగ్గర ఆగాలి. ఈ నియోజకవర్గ చరిత్రలో నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరని ఘట్టం అదే.

టంగుటూరి అంజయ్య ఆల్విన్‌లో కొన్ని అణాల కూలికి పనిచేసిన కార్మికుడు. అక్కడే యూనియన్ నాయకుడై, ముషీరాబాద్ నుంచి శాసనసభకు వెళ్ళి, 1980 అక్టోబరులో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన 61 మందితో ఏర్పరచిన మంత్రివర్గం గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో, స్వాగతానికి ఆర్భాటం ఎక్కువైందని రాజీవ్ గాంధీ అందరి ముందూ ఆయన్ను కసురుకున్నారు. ఆ నెలలోనే పదవి పోయింది. ఆ అవమానం తెలుగువాళ్ళందరి అవమానమని ఊరూరా మాట పుట్టింది, మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ ప్రకటించారు, తొమ్మిది నెలలు తిరిగేసరికి రాష్ట్రంలో కాంగ్రెస్ పుట్టి మునిగింది. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. ఆ తర్వాతిది మరిచిపోతుంటాం. 1984 చివర్లో, ఇందిరా గాంధీ హత్య తర్వాత జరిగిన ఎన్నికల్లో, దేశమంతా కాంగ్రెస్‌కు పట్టం కట్టినా ఆంధ్రప్రదేశ్ మాత్రం తెలుగుదేశం పక్షానే నిలబడింది. కాంగ్రెస్‌కు దక్కింది 6 స్థానాలు. ఆ ఆరింటిలో సికింద్రాబాద్ ఒకటి, అక్కడ గెలిచింది అంజయ్య. ఎవరి అవమానం పేరు చెప్పి తెలుగుదేశం పుట్టిందో ఆ మనిషే, తనను అవమానించిన పార్టీ గుర్తు మీద, తెలుగుదేశం గాలికి ఎదురు నిలిచి గెలిచారు.

దీన్ని పార్టీల లెక్కతో వివరించలేం. గేటు లెక్కతో వివరించగలం. మా నాన్న ఆ ఎన్నికల్లో రామారావు అభిమాని, ఓటు మాత్రం అంజయ్యకు వేశారు. “ఆయన మన గేటు దగ్గర నిలబడ్డ మనిషి” అన్నది ఆయన చెప్పిన ఒకే ఒక్క కారణం. అలాగని గేటు ఎప్పుడూ అంజయ్య వెంటే ఉందనుకోవద్దు. 1978లో ఇదే ముషీరాబాద్‌లో జనతా పార్టీ తరఫున నిలబడ్డ నాయిని నర్సింహారెడ్డి అంజయ్యను ఓడించారు. ఆ నాయిని కూడా కార్మిక నాయకుడే, హింద్ మజ్దూర్ సభ మనిషి. ఒక కార్మిక నాయకుణ్ణి ఓడించడానికి మరో కార్మిక నాయకుడే కావలసివచ్చిన కాలమది. అంజయ్య రాజీవ్ మంత్రివర్గంలో కార్మికశాఖ చూసి 1986 అక్టోబరులో చనిపోయారు. 1987 ఉప ఎన్నికలోనూ 1989లోనూ ఆయన భార్య మణెమ్మ గెలిచారు. ఇంతవరకూ ఈ స్థానం నుంచి లోక్‌సభకు వెళ్ళిన మహిళ ఆమె ఒక్కరే.

1991లో బండారు దత్తాత్రేయ గెలుపు ఈ కథలో పెద్ద మలుపు. ఆంధ్రప్రదేశ్ మొత్తంలో ఆ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీకి వచ్చింది ఆ ఒక్క స్థానమే. అంతకు ఆరు నెలల ముందు, 1990 డిసెంబరులో, నగరంలో భీకరమైన మత కల్లోలం జరిగింది. అయోధ్య పేరు మీద దేశమంతా అట్టుడుకుతోంది. కాబట్టి మతం వల్లే గెలిచారని అనడం సులువు. నేను అడిగే ప్రశ్న వేరు. కల్లోలాలు ఈ నగరానికి 1990లోనే కొత్తగా రాలేదు కదా. అంతకు ముందు సికింద్రాబాద్ బస్తీలను అంతగా కదిలించలేనిది అప్పుడు ఎందుకు కదిలించింది?

నాకు కనిపించే జవాబు ఆజమాబాద్ రోడ్డు మీద ఉంది. ఎనభైల చివరికల్లా కార్ఖానాలు ఒక్కొక్కటే నీరసించిపోయాయి. ప్రాగా టూల్స్ 1988లో హెచ్ఎంటీ కిందికి వెళ్ళింది. ఆల్విన్ తొంభైల్లో ముక్కలై, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది. డీబీఆర్ మిల్లు మూతపడింది. మా నాన్న కార్ఖానాలో మొదట మూడో షిఫ్టు తీసేశారు, తర్వాత రెండోది తీసేశారు, తర్వాత ఒక సోమవారం ఉదయం గేటుకు కాగితం అంటించారు. ఆ కాగితం ముందు నిలబడ్డ మూడు వందల మందిలో చాలామంది ఆ తర్వాత ఒకరికొకరు కనిపించలేదు. కొందరు ఆటో తోలారు, కొందరు వాచ్‌మన్లుగా కుదిరారు. ఎవరి బస్తీలో వాళ్ళు, ఎవరి గల్లీలో వాళ్ళు పడ్డారు. గేటు పోయాక మనిషికి మిగిలింది గల్లీ, గల్లీలో మనుషులు కలిసే చోటు గుడో మసీదో వినాయక మండపమో.

మండపాన్ని నేను చులకన చేయడం లేదు, నేను కూడా చందా రశీదు పుస్తకం పట్టుకుని తిరిగినవాణ్ణే. మండపం కమిటీ చేసే పని యూనియన్ చేసిన పని లాంటిదే. చావుకు డబ్బులు పోగు చేస్తుంది, పోలీస్ స్టేషన్‌కు నలుగురిని పంపుతుంది, కార్పొరేటర్‌తో మాట్లాడుతుంది. తేడా ఒక్కటే: యూనియన్‌లో ఉన్న ఖాసిం చాచా మండపం కమిటీలో ఉండడు. ఆయనకు వేరే కమిటీ ఉంటుంది. ఎనభైల్లో హిమాయత్‌నగర్ శాసనసభ్యుడిగా ఉన్న ఆలె నరేంద్ర గణేశ్ ఉత్సవాల నిర్వహణలో ముందుండడం, ఇరవై ఏళ్ళు ఆర్‌ఎస్‌ఎస్ ప్రచారక్‌గా ఇంటింటికీ తిరిగిన దత్తాత్రేయ అభ్యర్థి కావడం, రెండూ ఈ మార్పు లోపల జరిగినవే. దత్తాత్రేయ మెత్తని మనిషి, ఎవరింట్లో పెళ్ళయినా చావయినా వస్తారని ప్రత్యర్థులే చెబుతారు. కార్ఖానా మూతపడ్డ బస్తీకి ఆయన పెద్దదిక్కుగా దొరికారు. 1991లో, 1998లో, 1999లో, 2014లో నాలుగుసార్లు గెలిచారు. 1996లో, 2004లో, 2009లో ఓడిపోయారు. చివరి రెండుసార్లూ ఆయన్ను ఓడించిన కాంగ్రెస్ అభ్యర్థి అంజన్ కుమార్ యాదవ్ కూడా అలాంటి బస్తీ నాయకుడే. 2014 తర్వాత దత్తాత్రేయ కేంద్ర మంత్రివర్గంలో చూసింది కూడా కార్మికశాఖే. అంజయ్య కూర్చున్న శాఖలో, అంజయ్య స్థానం నుంచి వచ్చిన మనిషే కూర్చున్నారు. అప్పటికి ఆ స్థానంలో గేట్లు లేవు.

2009 నాటికి నియోజకవర్గం ఆకారం కూడా మారింది. 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన పునర్విభజన కమిషన్ హైదరాబాద్ జిల్లా శాసనసభ స్థానాలను 13 నుంచి 15కు పెంచింది. హిమాయత్‌నగర్ అన్న స్థానం మాయమైంది, అంబర్‌పేట, జూబ్లీహిల్స్, నాంపల్లి అన్న స్థానాలు వచ్చాయి. ఇప్పుడు సికింద్రాబాద్ లోక్‌సభ కింద ఉన్నవి ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాద్. కంటోన్మెంట్ శాసనసభ స్థానం మాత్రం మల్కాజిగిరి లోక్‌సభలోకి వెళ్ళింది. ఏ కంటోన్మెంట్ వల్ల సికింద్రాబాద్ పుట్టిందో ఆ కంటోన్మెంట్ సికింద్రాబాద్ లోక్‌సభలో లేదు. జూబ్లీహిల్స్ శాసనసభ స్థానం సంగతీ అంతే. పేరు విని బంగళాలు అనుకుంటారు, అందులో ఎక్కువ భాగం బోరబండ, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, రహమత్‌నగర్. నియోజకవర్గాల పేర్లు చూసి ఓటర్ల గురించి తీర్పులు రాసే పత్రికల వాళ్ళు ఒక్క పూట ఆ గల్లీల్లో తిరిగితే బాగుంటుంది.

ఈ ఏడు శాసనసభ స్థానాల ఓటర్లు ఈమధ్య రెండుసార్లు ఒకే రకంగా ప్రవర్తించారు. 2018 డిసెంబరులో ఏడింటిలో ఆరు తెలంగాణ రాష్ట్ర సమితికి ఇచ్చారు, నాంపల్లి మజ్లిస్‌కు ఇచ్చారు. అంబర్‌పేటలో బీజేపీ అభ్యర్థి కిషన్ రెడ్డి సుమారు వెయ్యి ఓట్లతో ఓడిపోయారు. నాలుగు నెలల తర్వాత, 2019 ఏప్రిల్‌లో, అదే కిషన్ రెడ్డిని అదే ఓటర్లు 60 వేలకు పైగా ఆధిక్యంతో లోక్‌సభకు పంపించారు. 2023 నవంబరులో మళ్ళీ ఆరు స్థానాలు అదే పార్టీకి, అప్పటికి భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకున్న పార్టీకి ఇచ్చారు, నాంపల్లి మళ్ళీ మజ్లిస్‌కే ఇచ్చారు. 2024 మేలో ఆ పార్టీ తరఫున లోక్‌సభకు నిలబడ్డ పద్మారావు గౌడ్, సికింద్రాబాద్ శాసనసభ్యుడై ఉండి కూడా, మూడో స్థానంలో నిలిచారు. కిషన్ రెడ్డి సుమారు 50 వేల ఆధిక్యంతో గెలిచారు. రెండో స్థానంలో నిలిచిన కాంగ్రెస్ అభ్యర్థి దానం నాగేందర్, అంతకు ఆరు నెలల ముందు ఖైరతాబాద్‌లో భారత రాష్ట్ర సమితి గుర్తు మీద గెలిచిన శాసనసభ్యుడు.

దీన్ని చంచలత్వం అంటారు కొందరు, తెలివి అంటారు మరికొందరు. ఓటరు రెండు పనులకు ఇద్దరు మనుషులను పెట్టుకున్నాడని నేను అంటాను. నల్లా నీళ్ళకూ పింఛనుకూ పక్క వీధిలో దొరికే ఎమ్మెల్యే ఒకరు, దేశం అన్న పెద్ద మాటకు ఢిల్లీలో ఒకరు. ఎమ్మెల్యే ఏ పార్టీ అన్నది ఇక్కడ ఎంత తేలికైన విషయమో చెప్పడానికి 2014 చాలు. సనత్‌నగర్‌లో తలసాని శ్రీనివాస్ యాదవ్, జూబ్లీహిల్స్‌లో మాగంటి గోపీనాథ్ తెలుగుదేశం గుర్తు మీద గెలిచారు, ఆ తర్వాత అధికార పార్టీలోకి వెళ్ళారు, 2018లో ఆ పార్టీ గుర్తు మీదే మళ్ళీ గెలిచారు. 1971లో ఒక పార్టీకి పార్టీ కలిసిపోతే మనసు విరిగిన ఓటరు, 2014 తర్వాత మనిషి వెంట పార్టీ మారడాన్ని మామూలు సంగతిగా తీసుకున్నాడు. రాష్ట్రాన్ని తొమ్మిదేళ్ళకు పైగా ఏలిన పార్టీ రాజధాని నడిబొడ్డున ఉన్న ఈ లోక్‌సభ స్థానాన్ని ఒక్కసారి కూడా గెలవలేకపోయింది. తెలుగుదేశమూ గెలవలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయానికి వస్తున్నాను. 2019లోనూ 2024లోనూ ఈ నియోజకవర్గంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. 2024లో రాష్ట్రమంతా కలిపి 65 శాతం దాటితే ఇక్కడ 49 శాతం. 2020 డిసెంబరు బల్దియా (నగరపాలక సంస్థ) ఎన్నికల్లో నగరం మొత్తం మీద 46 శాతం చిల్లర. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగితే, ముఖ్యమంత్రి, మంత్రులు గల్లీ గల్లీ తిరిగినా సగం దాటలేదు. ప్రతిసారీ మర్నాడు పత్రికల్లో వచ్చే మాట ఒకటే: పట్నం జనానికి బద్ధకం, సెలవిస్తే ఊళ్ళకు పోతారు.

ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. నేనుండే అపార్ట్‌మెంట్‌లో 24 ఇళ్ళు, అందులో కిరాయివాళ్ళు 17 ఇళ్ళు. మొన్నటి లోక్‌సభ ఎన్నికల ముందు నేను తలుపు తలుపుకూ వెళ్ళి అడిగాను. ఆ 17 ఇళ్ళలో ఈ చిరునామా మీద ఓటు ఉన్నది మూడిళ్ళకు. మిగతావాళ్ళ ఓట్లు కరీంనగర్‌లో, ఖమ్మంలో, శ్రీకాకుళంలో, లేదా ఇదే నగరంలో రెండు ఇళ్ళు మారక ముందు తాము ఉన్న కాలనీలో. ఎవరూ బద్ధకస్తులు కాదు. పొద్దున ఆరింటికి బయలుదేరి రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాళ్ళు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒక నియోజకవర్గంలో సాధారణంగా నివసించే మనిషికి అక్కడ ఓటు హక్కు ఉంటుంది. సొంత ఇల్లు ఉండాలని చట్టం అడగలేదు. పైగా 20వ సెక్షన్, ఇల్లు ఉన్నంత మాత్రాన నివసిస్తున్నట్టు కాదని విడిగా చెబుతుంది. అంటే చట్టం కిరాయిదారు పక్షానే ఉంది. కాని పదకొండు నెలల అగ్రిమెంటు మీద బతికే మనిషికి ఆ హక్కును వెంటబెట్టుకుని తిరగడం ఎవరు నేర్పారు? మూడో అంతస్తులో ఉండే అమ్మాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది, సూటిగా అడిగింది: “ఓనర్ ఖాళీ చేయమంటే మళ్ళీ మార్చుకోవాలి కదా అంకుల్, ఎన్నిసార్లు మార్చుకోను?”

గేటు ఉన్న రోజుల్లో కొత్తగా చేరిన కుర్రాడి పేరు ఓటర్ల జాబితాలో ఎక్కించే పని యూనియన్ చేసేది. గల్లీ బలంగా ఉన్నప్పుడు కార్పొరేటర్ మనుషులు చేసేవారు, ఇప్పటికీ బస్తీలో చేస్తారు, అందుకే బస్తీ బూత్‌లో వరుస కనిపిస్తుంది. కిరాయి అపార్ట్‌మెంట్ తలుపు ఎవరూ కొట్టరు. అక్కడ యూనియన్ లేదు, మండపం కమిటీకి వాళ్ళు చందా ఇచ్చే మనుషులే తప్ప సభ్యులు కారు, సొసైటీ మీటింగులో ఓనర్లకే మాట. పెద్దదిక్కు లేని ఓటరు జాబితాలో ఉండడు, ఉన్నా పాత చిరునామాలో ఉంటాడు. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు జాబితాలో అలాగే ఉండి, వచ్చినవాళ్ళ పేర్లు ఎక్కకపోతే, ఆ జాబితాతో భాగించి తీసిన శాతం దేన్ని చెబుతున్నట్టు? దాన్ని బద్ధకం అనే ముందు లెక్క సరిచేయాలి.

మా నాన్న సంగతీ ఇందులో ఉంది, దాచను. కార్ఖానా మూతపడ్డాక ముషీరాబాద్ ఇల్లు అమ్ముకుని ఆయన మల్కాజిగిరి దాటి వెళ్ళిపోయారు, ఓటు మాత్రం పాత చోటే ఉంచుకున్నారు. అది చట్టం ఒప్పుకునే పని కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ప్రతి ఎన్నికకూ రెండు బస్సులు మారి పాత బడి దగ్గరికి వచ్చేవారు. అక్కడ గోడ పక్కన వేపచెట్టు కింద ఆజమాబాద్ వాళ్ళు నలుగురైదుగురు కూడేవారు, ఖాసిం చాచా కూడా వచ్చేవారు. ఒక ఎన్నికలో నాన్న పేరు జాబితాలో లేదు. తీసేశారు, తీసేయడం సరైనదే. ఆయన వాదించలేదు, బూత్ మనిషి ఇచ్చిన జాబితాను రెండుసార్లు వేలు పెట్టి చదువుకుని, బయటికి వచ్చి, చాచా ఓటు వేసి వచ్చే దాకా చెట్టు కింద కూర్చున్నారు. ఇద్దరూ టీ తాగి వెళ్ళిపోయారు.

మళ్ళీ గీతలు మారే రోజు దగ్గరలో ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా లోక్‌సభ స్థానాల సంఖ్య కదలకుండా రాజ్యాంగం బిగించి ఉంచింది. ఆ లెక్కలు వచ్చాక, 2024లో సుమారు 21 లక్షల ఓటర్లున్న సికింద్రాబాద్‌నూ, 37 లక్షలు దాటిన మల్కాజిగిరినీ ఇలాగే ఉంచడం కుదరదు. అప్పుడు ఏ బస్తీ ఎటు పోవాలో వాదించడానికి పార్టీలు మ్యాపులు పట్టుకుని వస్తాయి, కులసంఘాలు వస్తాయి, మసీదు కమిటీలూ ఉత్సవ కమిటీలూ వస్తాయి. కిరాయిదారుల తరఫున ఒక్క అర్జీ కూడా వెళ్ళదేమోనన్నది నా దిగులు. నగరంలో కిరాయిదారుల సంఘాలు కాలనీ కాలనీకీ పుట్టాలి. పార్టీలు కూడా తమ బూత్ కమిటీల్లో ఓనర్లకు బదులు ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళను పెట్టుకోవాలి. బూత్ లెవల్ ఆఫీసర్లు జాబితా సవరణకు వచ్చేటప్పుడు కిరాయి అగ్రిమెంటు అయిపోయే నెలలను చూసుకుని రావాలి. ఇవి పెద్ద కోరికలు కావు, ఒకప్పుడు గేటు దగ్గర ఒక మనిషి ముద్ర కొట్టి చేసిన పనులే.

నా వంతుగా నేను ఓటు చిరునామా మార్చుకునే ఫారం 8 కాగితాలు జిరాక్స్ తీయించి ఆ 14 ఇళ్ళకూ ఇచ్చాను. ఐదు ఇళ్ళవాళ్ళు నింపి ఇచ్చారు, అందులో ఒకరికి అగ్రిమెంటు కాపీ ఇవ్వడానికి ఓనర్ ఒప్పుకోలేదు. మూడో అంతస్తు అమ్మాయి కాగితం తీసుకుని పది రోజులు ఏమీ అనలేదు, పదకొండో రోజు లిఫ్ట్ దగ్గర నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత వచ్చిన జాబితాలో మా చిరునామా కింద నాలుగు ఇళ్ళ పేర్లు కొత్తగా చేరాయి, వాటిలో ఆమె పేరుంది.